కాలువ గట్టు మీద ఒక్కపొద్దు

1989వ సంవత్సరం అక్టోబరు మూడవ తేదీన, ఆసిఫాబాద్ సమీపంలోని ఒక చెరువు కట్ట పనిమీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా శ్రీ మేకల కరుణాకర్ గారు నీటిపారుదల శాఖలో అడుగుపెట్టారు. ఈ అక్టోబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ ఆయన నడిచిన గట్లనూ, మింగిన దుమ్మునూ, పడిన మాటలనూ ఒక్క వ్యాసంలో ఇమిడ్చే శక్తి మా సెక్షన్‌లో ఎవరికీ లేదు. అయినా ఈ వీడ్కోలు సంచిక కోసం ఎవరో ఒకరు రాయాలి గనుకా, ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఇన్నేళ్లుగా పటాలు గీస్తున్న డ్రాఫ్ట్స్‌మన్‌కు తప్పించుకునే దారి లేదు గనుకా, ఈ నాలుగు మాటలు.

లక్సెట్టిపేట దగ్గరి గోదావరి ఒడ్డు పల్లె కరుణాకర్ గారి జన్మస్థలం. తండ్రి బాలమల్లు గారు నడివయసులో బాప్తిస్మం తీసుకున్నవారు, దానితోపాటే తాగుడు మానినవారు, మానిన నాటి నుండి ఇంటిల్లిపాదికీ నియమాల కంచె కట్టినవారు. ఆ ఇంట ఆదివారం పొలం పని లేదు, ఆడిన మాట తప్పడం లేదు, ప్రార్థన కాకుండా ముద్ద ముట్టడం లేదు. “బాపు కొట్టిన దెబ్బలు మర్చిపోయిన గని, బాపు చెప్పిన ఆజ్ఞలు ఒక్కటి మర్వలే” అని కరుణాకర్ గారు నవ్వుతూ అనేవారు. దేవుని ధర్మశాస్త్రం ఒక గీత అనీ, ఆ గీత దాటకుండా నడవడమే నీతి అనీ, అలా నడిచినవాడినే దేవుడు మెచ్చుతాడనీ ఆయన చిన్ననాడే నమ్మారు. ఆసిఫాబాద్‌లోనూ, తరువాత లక్సెట్టిపేటలోనూ ఆ నమ్మకంతోనే ఉద్యోగం చేశారు.

2007లో ఆయన హుజూరాబాద్ వైపు, మా సెక్షన్‌కు బదిలీ అయి వచ్చారు. మా ఉపకాలువ కింద యాసంగి, అంటే రబీ, వరికి వారబందీ పద్ధతిన నీళ్లిస్తారు. వారంలో కొన్ని రోజులు పైభాగం రైతులకు, కొన్ని రోజులు చివరి ఆయకట్టుకు వంతు. వంతు కానివారి తూముకు తాళం. ఆయన రాకముందు ఆ తాళం పేరుకే ఉండేది, అడిగినవాడికల్లా ఊడివచ్చేది. ఆయన వచ్చాక అది నిజంగా తాళమయింది. రైతుల ఇంట చాయ తాగరు, సంచిలో పల్లికాయ పెట్టి పంపితే అదే సంచిలో తిప్పి పంపుతారు. ఎవరి సిఫారసూ వినరు. చర్చిలో సంఘపెద్దగా కూడా ఆయన తీరు అదే. పెళ్లిలో తాగి వచ్చిన యువకులనూ, అన్నదమ్ములతో మాటలు మానుకున్న పెద్దలనూ ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, కొంతకాలం రానిచ్చేవారు కాదు. బుద్ధి వస్తే రావచ్చని చెప్పేవారు.

ఆఫీసులో మేము ఊరుకుంటామా? “కరుణాకర్ సార్, మీ దేవుడు మాఫ్ చేసేటోడు గద, మరి నీకెందుకు గింత కడుపునొప్పి?” అని ఆటపట్టించేవాళ్లం. ఆయన మాత్రం నవ్వకుండా జవాబు చెప్పేవారు. “మాఫీ అడిగే గతి పట్టకుండ బతుకుడే నీతి. మాఫ్ చేస్తడని తప్పు చేస్తమా?” అనేవారు. ఆ మాటలో తప్పు పట్టడానికి మాకేమీ కనపడలేదు. ఆ రోజుల్లో ఆయనకూ కనపడలేదు.

చివరి ఆయకట్టులో లింగమూర్తి అనే రైతు ఉన్నాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి రెండేళ్ల ముందు యాసంగిలో, అతని పొలం బీటలు వారుతుంటే చూడలేక, వంతు రాకముందే తూము తాళం పగలగొట్టి నీళ్లు మలుపుకున్నాడు. కరుణాకర్ గారు రిపోర్టు రాశారు. నిబంధన ప్రకారం అతని తరువాతి వంతు ఆగిపోయింది. అతని భార్య ఐలవ్వ ఆఫీసుకు వచ్చి, గడప దగ్గరే నిలబడి వేడుకుంది.

“పొట్టకొచ్చిన పొలం సార్. ఒక్క తడి. గా ఒక్క తడికి ఏం పోతది మీకు?”

“నాదేం పోదు, అక్కా. నీకిస్తే ఇంకొకని పొట్ట కొట్టినట్టయితది. తప్పు మీ ఆయన చేసిండు” అన్నారు కరుణాకర్ గారు.

ఆమె వెళ్లిపోయింది. ఆ మడి ఎండిపోయింది, పశువులను తోలారు. కరుణాకర్ గారు న్యాయం తప్పలేదని ఆ రోజు మేమంతా ఒప్పుకున్నాం. ఇంటికి వెళ్లి ఆయన అన్నం సరిగా తినలేదని మాత్రం ఆయన సతీమణి మనోరమ గారు చాలాకాలం తరువాత చెప్పారు.

మరుసటి యాసంగి. క్రైస్తవులు క్రీస్తు శ్రమలను తలచుకుంటూ నలభై రోజులు నియమంగా గడిపే కాలం సరిగ్గా మా వరి పొట్టకొచ్చే కాలంలోనే వస్తుంది. ఆ రోజుల్లో కరుణాకర్ గారిది ఒక్కపొద్దు. పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. ఆ దినం లష్కరు లక్ష్మణ్ సెలవు పెట్టడంతో కాలువ కాపలా కూడా ఆయన మీదే పడింది. మధ్యాహ్నం పైరైతుల వంతు ముగిసి వాళ్ల తూములు మూయగానే, ఉపకాలువ మొదట ఉన్న షట్టరు దించి నీటి జోరు తగ్గించాలి. దించకపోతే నీళ్లన్నీ చివరకు తన్నుకుపోతాయి. తూములన్నీ మూసివచ్చి, కాసేపు ఊపిరి తీసుకుందామని తుమ్మచెట్టు నీడన కూర్చున్నారు. ఎండ, ఆకలి, వారం రోజుల నిద్రలేమి. కళ్లు మూతపడ్డాయి.

ఆయనను లేపినవి అరుపులు. చివరన గట్టు తెగింది. గండి పడ్డది ఎవరి పొలం దగ్గరో చెప్పాలా? లింగమూర్తి మడుల మీద ఇసుక మేట వేసింది. ఎండిపోయిన ఏడాది తరువాత, ఈసారి మునిగిపోయాడు.

ఎవరూ అడగకముందే కరుణాకర్ గారు తన తప్పును కాగితం మీద రాసి పైఅధికారికి పంపారు. మరునాడు డిప్యూటీ ఇంజనీరు జనార్దన్‌రావు గారు స్వయంగా గట్టు మీదికి వచ్చారు. చుట్టూ రైతులు. నష్టపోయినవాడు గట్టిగా ఫిర్యాదు చేస్తే సస్పెన్షన్ తప్పదని అక్కడున్న అందరికీ తెలుసు. అందులోనూ ఆ నష్టపోయినవాడు లింగమూర్తి! పోయినేటి కక్ష తీర్చుకోవడానికి అంతకంటే మంచి రోజు మళ్లీ రాదు.

“షట్టరు దించే టైముకు నేనే నిద్రవోయిన సార్. గండి నా వల్లనే పడ్డది” అన్నారు కరుణాకర్ గారు తల వంచుకుని.

జనార్దన్‌రావు గారు లింగమూర్తి వైపు తిరిగి, “ఏమంటవయ్యా? కంప్లయింట్ రాస్తవా?” అని అడిగారు.

లింగమూర్తి ఇసుక మేట వైపు చూశాడు, కరుణాకర్ గారి వైపు చూశాడు.

“ఏం రాయాలె సార్? పొద్దుందాక కాల్వ మీదనే ఉంటడు. ఒక్కపొద్దుండి కన్నంటుకున్నది. మనిషే గద. గాయన కొలువు తీస్తే నా పొలంల మేట పోతదా? ఇడిసిపెట్టుండ్రి.”

జనార్దన్‌రావు గారు ఒక మెమోతో సరిపెట్టి వెళ్లారు. కథ అక్కడ ముగిసిందని మేము అనుకున్నాం. కరుణాకర్ గారికి మాత్రం అక్కడే మొదలయింది. తాను ఎవరికీ చూపని దయ తన మీద వచ్చి పడింది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియలేదు. మరునాటి నుండి తెల్లవారకముందే పార పట్టుకుని లింగమూర్తి పొలానికి వెళ్లి ఇసుక ఎత్తసాగారు. ఎండ ముదిరేవేళకు డ్యూటీకి వచ్చేవారు. చేతులు బొబ్బలెక్కాయి, మొహం పీక్కుపోయింది, ఒక్కపొద్దు మాత్రం ఆపలేదు. ఆదివారం చర్చికి వెళ్లి వెనుక వరుసలో కూర్చుని, ప్రభువు బల్లకు పిలిచినప్పుడు లేవలేదు. ఇతరులను ఆపిన మనిషి ఇప్పుడు తనను తాను ఆపుకున్నారు.

“పాస్టరు గారు ఆపలే, సంఘం ఆపలే. నువ్వు ఆపుకుంటే దేవుడు గూడ ఆపినట్టేనా?” అని మనోరమ గారు నిలదీశారు.

“మేట మొత్తం ఎత్తినంక పోత” అన్నారట ఆయన.

“మేట ఎత్తితే తప్పు పోతదంటే, మరి క్రీస్తు ఎందుకు సచ్చిపోయిండు?” అన్నారు ఆమె. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఆమె, భర్త అని మొహమాటపడలేదు. కరుణాకర్ గారు పార భుజాన వేసుకుని బయలుదేరారు.

ఆ పొద్దున లింగమూర్తి ఆయన చేతిలోని పార లాక్కున్నాడు.

“సార్, జర ఆగు. నువ్వు దినాం వచ్చి ఇసుక ఎత్తవడ్తివి. గట్లయితే నేను నీకు మాఫ్ చేసినట్టెట్లయితది? కూలికి పెట్టుకున్నట్టయితది. ఊరోళ్లు గూడ గట్లనే అంటుండ్రు. నేను మాఫ్ చేసిన్నా, లేదా? గది చెప్పు.”

కరుణాకర్ గారు ఒడ్డు మీద కూలబడి ఏడ్చారు. దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఐలవ్వ సత్తుగిన్నెలో మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగటుక తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఒక్కపొద్దు రేపుండు సారూ. గియ్యాల తిను.”

ఆయన తిన్నారు. నలభై రోజుల నియమం నడుమ, పొద్దెక్కకముందే, ఏ ఇంట చాయ ముట్టలేదో ఆ ఇంటి గటుక గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు. అంత రుచి తన జన్మలో ఎరగనని మాతో అన్నారు. ఆ ఆదివారం బల్లకు పిలిచినప్పుడు ఆయన లేచి వెళ్లారు. ఇన్నేళ్లూ ఆ రొట్టెను తాను సంపాదించుకున్న జీతంలా తిన్నానని ఆయనే మాకు చెప్పారు.

అంతమాత్రాన కాలువ తాళాలు ఊడిపోయాయని ఎవరూ అనుకోవద్దు. వంతు వంతే. చట్టం లేకపోతే చివరి రైతుకు చుక్క రాదని ఆయన నిన్నటిదాకా వాదించారు. మారినది ఒకటే. తాళం పగలగొట్టినవాడి మీద రిపోర్టు రాసేముందు అతని ఇంటికి వెళ్లి, మంచం మీద కూర్చుని, కష్టమేమిటో అడిగేవారు. పైరైతులను బతిమాలి, వాళ్ల సమ్మతితోనే ఒక తడి ఇప్పించేవారు. చర్చిలో కూడా ఎవరినైనా ఆపాలన్న మాట వస్తే, ముందు వాళ్లింట భోజనం చేసి వద్దామనేవారు. ఇలా అయితే మందిరంలో క్రమం ఏముంటుందని కొందరు సంఘపెద్దలు కోపగించుకున్నారు. “క్రమం ఉండాలె. గని నేను గట్టు మీద పండుకున్నోన్ని. ఎవల్ని ఆపుదునయ్యా?” అన్నారాయన.

ఇదంతా ఆయన బాగా అలసిపోయేలా చేసింది. రిపోర్టు రాయడం క్షణాల పని, మనిషి మనిషి ఇంటికీ తిరగడం ఎంతకూ ఒడవని పని. మోకాళ్లు అరిగాయి, షుగరు వచ్చింది. మధ్యాహ్నం ఫైలు తెరిచి అలాగే చూస్తూ కూర్చునే రోజులు ఎక్కువయ్యాయి. దయ చూపడం ఇంత బరువని తనకు ఎవరూ ముందే చెప్పలేదని ఒకసారి విసుక్కున్నారు కూడా.

మొన్న సన్మానం మాట ఎత్తగానే ఆయన, “ఏం చేసిన్నని? గండి వెట్టినందుకా?” అన్నారు. మాకు నిజంగానే కోపం వచ్చింది. ఎప్పుడో మాఫీ అయిన తప్పును మళ్లీ తవ్వి తీసే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? లష్కరు లక్ష్మణ్ మాత్రం మెల్లగా అన్నాడు. “లింగమూర్తి మాఫ్ చేసిండు సార్, సర్కారు మాఫ్ చేసింది, మీ దేవుడు గూడ చేసిండంటవ్. ఇగ నువ్వొక్కనివే మిగిలినవ్.”

కరుణాకర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “సరే, దండ జర చిన్నది తెండ్రి” అన్నారు.

కరుణాకర్ గారూ, మీకూ మనోరమ గారికీ దీర్ఘాయువునూ, సంపూర్ణ ఆరోగ్యాన్నీ, మనశ్శాంతినీ మా సెక్షన్ అంతా కోరుకుంటున్నాం. వేళకు తినండి, మోకాళ్లకు మందు రాసుకోండి, పొద్దెక్కేదాకా నిద్రపోండి. ఇవి మీ సేవకు ప్రతిఫలంగా ఇస్తున్న దీవెనలు కావు. లెక్క చూసి ఇవ్వలేదు, ఊరికే ఇస్తున్నాం. దయచేసి వీటికి బదులు తీర్చడానికని సోమవారం పొద్దున ఆఫీసుకు రాకండి.