మంగాయమ్మ కట్టిన కుండ

"మామ్మగారండీ, షెల్ఫు మీద ఆ మట్టి మెత్తిన కుండలేంటండీ?"

ఆయ్, ముట్టుకోకమ్మా, ఆ పాతదాన్ని ముట్టుకోకు. రా, ఇలా కూర్చో. గోదారి పెరుగుతోందని ఫోన్లో మెసేజ్ వచ్చిందన్నావు కదా, మా కోడలు అప్పుడే బ్రెడ్డు ప్యాకెట్లూ, కొవ్వొత్తులూ, అదేదో చార్జింగు డబ్బా, అన్నీ మేడమీదకి చేరేసింది. మంచిదే, కాదనను. కానీ ఎవరికి వాళ్లే కొనుక్కుంటున్నారు చూడు, అదే నాకు... సర్లే, కుండ సంగతి కదా అడిగేవు.

మా రోజుల్లో గోదారి మధ్య ఈ లంకలో మేడలెక్కడివి? అన్నీ పెంకుటిళ్లే. వరదొస్తే అటకెక్కడమే. ఒకసారి ఎక్కేవంటే వారమో, పది రోజులో, ఎప్పుడు దిగుతావో ఆ గోదారికే తెలియాలి. అందుకని ఆషాఢం పెట్టేలోగా కుండ కట్టేసేవాళ్లం. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్పు, బెల్లం ముక్క, అగ్గిపెట్టె, నీళ్లు తేరడానికి పటిక. మూతకి మట్టీ పేడా కలిపి మెత్తేస్తే ఇంక చెమ్మ చేరదు. ఇనప గమేళాలో ఇసక పోసి అటకమీద పెడితే అదే పొయ్యి. మంటకి ఎండు కొబ్బరి డొక్కలు ఓ మూల పడేసుకునేవాళ్లం.

ఇక్కడ విను, అసలు సంగతి ఇదీ. ఎవరి కుండ వాళ్లు కట్టుకోకూడదు. నా కుండ పక్కింటావిడ కట్టాలి, ఆవిడది నేను కట్టాలి. లోపలేముందో అడక్కూడదు, నీళ్లొచ్చేదాకా విప్పకూడదు. మా అత్తగారు చెప్పేవారు, మనకి మనమైతే 'ఈ ఏడు రాదులే' అని బద్ధకిస్తామట, పక్కవాళ్లకైతే పరువు కోసమైనా సరిగ్గా కడతామట. వరద రాకపోతే దసరా వెళ్లేక రెండు కుండలూ విప్పి, రెండిళ్లవాళ్లం కలిసి పరవాన్నం వండుకునేవాళ్లం. ఆ పరవాన్నం రుచి మరెక్కడా లేదమ్మాయ్.

నా కుండ కట్టేది మంగాయమ్మ. ఇప్పుడు నువ్వు అద్దెకుంటున్నావే, ఆ ఇల్లు వాళ్లదే. అప్పుడది పెంకుటిల్లు, మధ్యలో కొబ్బరికమ్మల దడి. ఇద్దరం ఒకే ఏడు కాపరానికొచ్చేం. నేను దాన్ని వదినా అనేదాన్ని, అదీ నన్ను వదినా అనేది.

ఒక ఏడు మాకు మాటల్లేవు. ఎందుకనుకున్నావ్? కోడిగుడ్లకి! నవ్వకే. నా పెట్ట దడి దూరి వాళ్ల గడ్డిమేట్లో గుడ్లు పెట్టింది. ఐదు గుడ్లు. మా పెట్టవే అంది అది. నేనూరుకుంటానా? కాలవరేవు దాకా వినపడేలా అరిచేను. అప్పట్లో గుడ్డు పావలా కూడా లేదనుకో.

మాటల్లేకపోయినా కుండ మానకూడదు కదా. కట్టేను. ఎలా కట్టేనంటే... ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదమ్మా. కోళ్లకని ఉంచిన పురుగు నూకలు పోసేను. పప్పు లేదు, బెల్లం లేదు. ఈ ఏడు వరదొస్తుందా ఏంటి, దసరా వెళ్లేక విప్పి కుళ్లుకుంటుందిలే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

శ్రావణంలో వరద వచ్చేసింది. మా ఆయన గొడ్లని తోలుకుని ఏటిగట్టుమీదకి వెళ్లి అక్కడే చిక్కడిపోయేరు. అటకమీద నేనూ, అత్తగారూ, ఇద్దరు పిల్లలూ. తొమ్మిది రోజులు... కాదు, పది. పదో రోజుకి పడవొచ్చింది.

రెండోరోజు కుండ విప్పేను. భయపడుతూనే విప్పేను, అదీ నాలాగే చేసుంటుందని. మంచి బియ్యం, పప్పు, బెల్లం, అన్నీ ఉన్నాయి. అడుగున చిన్న మూట. వాము. మా చిన్నదానికి వానాకాలం కడుపునొప్పొస్తుందని మంగాయమ్మకి తెలుసు. మాటల్లేవు మాకు, అయినా వాము వేసింది. ఆ మూట పట్టుకుని ఏడిచేనమ్మా.

చూరు దగ్గర నాలుగు పెంకులు తీసి, ఆ కంతల్లోంచి అటకా అటకా మాట్లాడుకునేవాళ్లం. అట్నుంచి వాళ్ల పిల్ల "అమ్మా, పురుగు" అంటోంది. మా అత్తగారు తలెట్టి, "కుండ బాగుందా మంగాయమ్మా?" అని కేకేసేరు. ఆవిడకి తెలిస్తే నా తోలు వలిచేసేవారు. మంగాయమ్మ నాకేసి చూసింది. చూసి, "బాగుందండీ, జావ కాస్తున్నాను. పిల్లలకి తేలిగ్గా అరుగుతుందని మీ కోడలు ఆలోచించే నూకలు పోసింది" అంది.

చచ్చిపోయేననుకో.

బొండాలు దింపే దోటీ చివర బియ్యం మూట కట్టి దాని కంతలోకి అందించేను. తీసుకుంది. "చెమ్మకి కొంచెం పురుగు పట్టింది వదినా, నీ తప్పేం లేదు" అంది. "అవును, చెమ్మే" అన్నాను. చూసేవా? అప్పుడైనా నిజం చెప్పాలి కదా! తర్వాత ఎన్ని వానాకాలాలు, ఎన్ని కుండలు. ఏరిన బియ్యం పోసేను, జీడిపప్పులేసేను, చెప్పడం మాత్రం రేపూ రేపూ అనుకుంటూనే ఉండిపోయేను.

కిందటేడు వరద రాలేదు. దసరా వెళ్లేక విప్పుకుందాం అనుకుంటుండగానే మంగాయమ్మ మంచం పట్టింది, కార్తీకంలో వెళ్లిపోయింది. ఈ పాత కుండ అది కట్టిన ఆఖరిది. మా కోడలు పారేద్దామంటుంది, ఈపాటికి పురుగు పట్టేసుంటుందని. పట్టనీ. మూతమీద దాని వేళ్ల గుర్తులు చూడు, ఎలా ఉన్నాయో. ఎంత బెంగగా ఉంటుందో తెల్సా నాకు. దడి పక్కనుంచి ఒక్కసారి వదినా అని పిలిస్తే, ఈసారి చెప్పేద్దును...

సర్లే. పక్కనున్న ఆ కొత్త కుండ దించు. మెల్లిగా, మట్టింకా ఆరలేదు. అది నీదే. మీ ఆయన మస్కట్‌లో, నువ్వు చూస్తే చంటిదాన్తో ఒక్కదానివి. ఏముందని అడక్కు, నీళ్లొచ్చేదాకా విప్పకు. ఏంటీ, నాకు నువ్వు కట్టాలా అంటావా? మరి? నువ్వే కట్టాలి, పక్కింట్లో నువ్వు కాక ఇంకెవరున్నారు? ఎలా కట్టాలో తెలీకపోతే పోనీలే, నీకు తోచిందే పోసెయ్. నువ్వూ నీ పిల్లా చల్లగా ఉండాలి తల్లీ. నూకలు పోసినా, బాగుందనే చెబుతాను.