విండోస్‌కు వేరే జావా

లొకోజాలో నైజర్ నది కట్ట తెగేలా ఉంది. ఊళ్లకు వరద హెచ్చరిక పంపే ఆఫీసు కంప్యూటరు సరిగ్గా ఆ రోజే చచ్చింది. ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో ఉంది గానీ, అది నడవాలంటే ముందు జావా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఆ ఆఫీసులో పనిచేసే ఎనె తన లాప్‌టాప్ తెరిచి, ఆ ప్రోగ్రాం రాసిన దన్లాదికి అబుజా నగరానికి ఫోన్ చేసింది.

“అన్నా, మీరు పంపిన జావా ఎక్కనంటోంది.”

“అది లినక్స్‌ది. పాత కంప్యూటరు నడిచేది దానిమీదే కదా. నీది?”

“విండోస్. ఇందాకే చెప్పాను!”

“చెప్పావు తల్లీ, నా బుర్రే పనిచెయ్యట్లేదు. ఇదిగో, విండోస్‌ది పంపాను.”

“దిగుతోంది... అబుజాలో ఉండి మీకెందుకన్నా ఇంత కంగారు?”

“మా అమ్మ ఆ నది ఒడ్డునే ఉంది. వెళ్లిపోమ్మా అని పొద్దుట్నుంచీ బతిమాలుతున్నా. ఆఫీసు మెసేజీ రాందే గడప దాటదట.”

ఎనె గబగబా మీటలు నొక్కింది.

“జావా ఎక్కిందన్నా! కానీ ప్రోగ్రాం నడిపితే, జావా కనబడట్లేదంటోంది.”

“నువ్వు కమాండ్లు టైపు చేసే ఆ నల్ల తెర ఎప్పుడు తెరిచావు?”

“జావా ఎక్కకముందే.”

“అయితే దానికింకా ఆ సంగతి తెలీదు. మూసేసి కొత్తది తెరువు.”

“తెరిచాను... నడిచింది! మెసేజీలు పోతున్నాయన్నా!”

అవతల ఇంకో ఫోను మోగింది.

“అన్నా? ఉన్నారా?”

“ఉండు, అమ్మ ఫోన్ చేస్తోంది.”

కాసేపటికి దన్లాది గొంతు మళ్లీ వినిపించింది.

“తిట్టిందమ్మా నన్ను. ఇంత ముంచుకొస్తుంటే గట్టిగా చెప్పొద్దా అని, మేకల్ని తోలుకుని గుట్టెక్కుతూనే తిట్టింది.”