అక్కా అంటే ఫీజు లేదు

ఈ సభకు అధ్యక్షత వహించవలసిన మన సంఘం అధ్యక్షులు జవహర్ గారికి, ఆయన రాలేకపోయినందున ఆయన తరఫున ఆ కుర్చీలో కూర్చున్న జూనియర్ అడ్వకేటు నవ్య గారికి, పెద్దలకు, తోటి వకీళ్లకు, అప్పుడే భోజనాల వైపు చూస్తున్న మిత్రులకు ఈ సత్యవతి నమస్కారాలు. (నవ్వులు)

ఇన్నేళ్లూ ఇతర వకీళ్లకు బదులు కోర్టులో నిలబడి బతికిన మనిషికి వీడ్కోలు సభ పెట్టి, ఆ సభకు కూడా అధ్యక్షులవారు బదులు మనిషినే పంపారంటే, నా వృత్తికి ఇంతకు మించిన గౌరవం ఇంకెవరూ చెయ్యలేరు. ఆయన మిర్యాలగూడలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారట. ఇందాక నవ్య చదివిన ఆయన సందేశంలో నన్ను 'న్యాయదేవత ముద్దుబిడ్డ' అన్నారు. పోయిన నెల కోర్టు సూపరింటెండెంటు గారి సన్మానంలో కూడా ఇదే ముద్దుబిడ్డను విన్నాను. పాపం న్యాయదేవతకు సంతానం ఎక్కువే ఉన్నట్టుంది. (నవ్వులు)

వెనక కూర్చున్న చుట్టాలకు నా పనేమిటో తెలియదు కాబట్టి చెబుతాను. కోదాడలో కేసున్న వకీలు అదే పూట సూర్యాపేటలో ఇంకో కేసులో ఉంటాడు, లేదా మిర్యాలగూడలో పెళ్లిలో ఉంటాడు, ఒక్కోసారి ఇంట్లో నిద్రలోనూ ఉంటాడు. ఇక్కడ కేసు పిలిచినప్పుడు ఆయన తరఫున లేచి నిలబడి, 'అయ్యా, మా వకీలు గారికి ఒంట్లో బాగాలేదు, వాయిదా ఇప్పించండి' అని చెప్పేది నేను. నా నోటి వెంట ఈ మూడు ఊళ్ల వకీళ్లకు రాని జబ్బు లేదు. ఎదురుగా ఎవరూ అంత ముడుచుకోకండి, పేర్లు చెప్పను.

నిలబడినందుకు నేను అడిగేది ఐదు వందలు. నన్ను 'మేడం' అని పిలిచినవారు ఇచ్చేవారు. 'అక్కా' అని పిలిచినవారు ఇచ్చేవారు కాదు. అక్కా అంటే ఫీజు లేదని మన కోర్టుల్లో ఒక చట్టం ఉంది, ఏ పుస్తకంలో ఉందో మాత్రం నాకు ఇంతవరకు దొరకలేదు. మొదట్లో మేడం అన్నవాళ్లు కూడా నాలుగు రోజులు గడిచాక, టీ తాగించి, 'మీరు మా పెద్దక్క లెక్క' అనేవారు. ఆ మాట వినగానే నాకు గుండె గుభేలుమనేది. ఇంకొక ఖాతాదారు చుట్టమైపోయాడని! (నవ్వులు)

అనంతగిరి కాటయ్య సంగతి చాలామందికి తెలుసు. పొలం గట్టు కేసు, వకీలు జవహర్ గారు. పొద్దున్నే ఆయన ఫోను: "అక్కా, జర నిలబడుండ్రి. వాయిదా అడిగితే అయిపాయె, గంతే." లేచి నిలబడ్డాను. జడ్జిగారు వాయిదా ఇవ్వనన్నారు, ఎదుటిపక్షం సాక్షిని ఈరోజే ప్రశ్నించమన్నారు. మధ్యాహ్నం దాకా గడువడిగి, క్యాంటీన్‌లో అన్నం మానేసి ఆ ఫైలు చదివాను. సాయంత్రానికి ఆ సాక్షి తన నోటితోనే చెప్పాడు, హద్దురాళ్లు జరిపింది తామేనని. కాటయ్య గెలిచాడు. గెలిచి, నా దగ్గరికొచ్చి చేతులు జోడించి అడిగాడు కదా, "అమ్మా, మీరు జవహర్ సార్ కాడ గుమస్తానా?" అని!

తర్వాత ఆయన జవహర్ గారి ఇంటికి గోనెసంచి నిండా బత్తాయిలు మోసుకెళ్లాడు. అందులోంచి నాకు రెండు వచ్చాయి, ఫీజు కింద. ఒకటి పుల్లది. (నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వించడానికే చెప్పాను. కానీ నాకు కోపముంది. ఈ శాలువా కప్పినంత మాత్రాన అది చల్లారలేదు. మోకాళ్లు అరిగి మానేస్తున్నాను గానీ మనసు నిండి కాదు.

ఇప్పుడు అసలు మాట. నా తర్వాత ఈ పని నవ్య చేస్తుందని మీరే తీర్మానించుకున్నారు. బాగుంది. ఏడాదిగా చేస్తూనే ఉంది. వాళ్లమ్మ సక్కుబాయి తండా నుంచి వచ్చి ఆ వెనక వరసలో కూర్చుంది. ఇందాక నాతో అన్నది: "నల్లకోటు ఉతుక్కునుడే తప్ప పైస కనవడ్తలేదు మేడం. మేళ్లచెరువు ఫ్యాక్టరీ ఆఫీసుల నౌకరి ఇస్తమన్నరు. సోమారం చేరుమన్నరు." సోమవారం నుంచి నవ్య సిమెంటు లెక్కలు రాసుకుంటే మన కోర్టు ఒక మంచి వకీలును పోగొట్టుకుంటుంది. ఎందుకు పోగొట్టుకుంటుంది? సూర్యాపేట వెళ్లి నిలబడి వచ్చి ఫీజు అడిగితే, మనలో ఒక పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? 'ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కద చెల్లె, నీకేం ఖర్సయింది' అన్నాడు!

(బల్లమీద నవ్య ఫోను మోగింది.)

ఎవరమ్మా? జవహర్ గారా? ఎత్తు, ఎత్తు. అందరికీ వినబడేలా పెట్టు. సభాధ్యక్షుల మాట వినే హక్కు సభకుంటుంది.

("చెల్లె, అయిపోయిందా అక్క ముచ్చట? రేపు సూర్యాపేటల నా కేసున్నది, జర నిలబడు. వాయిదా అడుగు, గంతే."

"ఫీజు ఇప్పుడు పంపుండ్రి సార్, నిలబడత."

"గిదేంది చెల్లె కొత్తగ! నీకు బస్సు ఫ్రీయేనాయె."

"బస్సు ఫ్రీ సార్. నేను కాదు."

హాలంతా చప్పట్లు. సక్కుబాయి లేచి నిలబడింది.)

పెట్టేశారా? పెట్టేయనీ. సక్కుబాయీ, ఫ్యాక్టరీ వాళ్లకు ఏం చెప్పాలో నువ్వూ నీ బిడ్డా ఇంటికెళ్లి తేల్చుకోండి, అందులో నేను వేలు పెట్టను. కానీ వకీలు మిత్రులారా, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను, నాకు శాలువా కప్పిన చేతులతోనే ఇది చెయ్యండి. ఇంకెవరూ ఈమెను చెల్లె అనకండి, అడ్వకేటు నవ్య గారు అనండి. జవహర్ గారు ఇంకో గంటలో మీలో ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తారు, తమ్మీ అంటారు, బావా అంటారు. రేపు సూర్యాపేటలో ఆ కేసు పిలిచినప్పుడు దయచేసి ఎవరూ ఊరికే లేవకండి. కక్షిదారుకు నష్టమేమో అని బాధపడకండి. వకాల్తా మీద సంతకం పెట్టిన మనిషి మిర్యాలగూడలో నిక్షేపంగా ఉన్నారు, ఒంట్లో కూడా బాగానే ఉందని ఇప్పుడే మనమంతా విన్నాం. పొద్దున్నే బస్సెక్కితే కోర్టు వేళకు అందుకుంటారు.

ఆయన మాత్రం టికెట్టు కొనుక్కోవాలి.

ఓపికగా విన్నందుకు, మేడం అన్నవారికీ అక్కా అన్నవారికీ కూడా, కృతజ్ఞతలు. ఇక నేను కూర్చుంటాను. సెలవు.