వంతెన బాండ్లు

ఇంకో ఇరవై రోజుల్లో రిటైరయ్యే మున్సిపల్ ఇంజినీరు గదిలోకి అకౌంట్స్ ఆఫీసరు పరుగులాంటి నడకతో వచ్చింది. కాలువ మీద వంతెనకు ఆయన గీసిన ప్లాను నిధుల్లేక పదేళ్ళుగా బీరువాలోనే ఉంది.

“సార్, వంతెన బాండ్లన్నీ అమ్ముడైపోయాయి.”

“పొద్దున్నేగా పెట్టారు? బ్యాంకులు కొన్నాయా?”

“సగమే సార్. మిగతావి మన ఊరివాళ్ళే బారులు తీరి కొన్నారు.”

“పన్ను కట్టమంటే మొహం చాటేసేవాళ్ళు మనకి అప్పిచ్చారా అమ్మా?”

“పన్ను తిరిగిరాదు, ఇది వడ్డీతో వస్తుందిగా. మేడమ్‌గారు కూడా కొన్నారు.”

“ఏ మేడమ్?”

“మీ ఇంట్లో మేడమే సార్. వడ్డీ ఎంతో కూడా అడగలేదు. ‘ఆయన రిటైరయ్యేలోపు పని మొదలవుతుందా’ అని మాత్రం అడిగారు.”

ఆయన లేచి బీరువాలోంచి ప్లాను బయటికి తీశాడు.

“నువ్వేం చెప్పావు?”

“సోమవారం మొదలెడతామన్నాను.”

“సోమవారందాకా ఎందుకమ్మా? పద, ఇప్పుడే కాలువ దగ్గరికి వెళ్ళి ముగ్గు పోసి పునాది గీతలు గీయిద్దాం.”