పగలని కప్పు

మేస్త్రీ మావయ్య గొంతు సవరించుకున్నాడంటే టీకొట్టు పిన్ని గిన్నెలో ఇంకో చెంబెడు పాలు పోసేది. ఆయన కోతలు ఏనాడూ ఒక్క టీతో తెగింది లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం పిన్ని పాలు పొయ్యలేదు. స్టవ్వు మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, తానూ వచ్చి బల్ల చివర కూర్చుంది. ఎదురుగా కప్పుల ఫ్యాక్టరీ గేటు. ఆ గేటు లోపల వీధి మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క బట్టీ మండుతోంది.

ఒకప్పుడు ఈ వీధికి రెండు పక్కలా పింగాణీ పనే. టైల్స్ వాళ్ళు, సింకుల వాళ్ళు, కరెంటు స్తంభాలకి గిన్నెలు చేసేవాళ్ళు, చివర్న వీళ్ళందరి మట్టినీ పరీక్ష చేసే ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు గేట్లన్నిటికీ తాళాలే. ఇన్‌స్టిట్యూట్‌ని కూడా ఎత్తేస్తామంటున్నారు. దాన్ని నడిపే మేడమ్ పొద్దున్నే హెడ్డాఫీసుకి వెళ్ళింది. ఈ ఫ్యాక్టరీ వాళ్ళతో కలిసి ఆవిడ నీళ్ళు వడకట్టే పింగాణీ గొట్టమొకటి తయారుచేస్తోంది. హెడ్డాఫీసు ఊఁ అంటే ఆ పని నడుస్తుంది, బట్టీ నిలుస్తుంది. కాదంటే ఈ రోజే ఆర్పేస్తారు. ఆరిన బట్టీ చల్లారేటప్పుడు లోపలి ఇటుకలన్నీ నెర్రెలిస్తాయి, దాన్ని మళ్ళీ కట్టి వెలిగించే శక్తి ఓనరుకి లేదు. "మేడమ్ కారు వచ్చేదాకా మండనివ్వండి" అని చెప్పి ఆయన ఆఫీసు గదిలో తలుపేసుకున్నాడు.

అందుకని అందరూ టీకొట్టు దగ్గర చేరి కారు కోసం చూస్తున్నారు. మేస్త్రీ మావయ్య, అచ్చులు పోసే తాత, సరుకు ఎత్తుకుపోవడానికి కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు. బల్లకి ఈ చివర మావయ్య మేనకోడలు. పూత సెక్షన్లో పని ఆమెది. తల్లి పోయాక పెంచిందీ, పనిలో పెట్టిందీ ఆయనే. ఆయన కథలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఈ రోజు ఆయన నోరు తెరవకుండా ఉంటే బాగుండుననుకుంది. కానీ నలుగురు మౌనంగా కూర్చుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన.

"డ్రైవరు తమ్ముడూ, ఈ వీధి సంగతి నీకు తెలీదు కదూ?"

"తెలీదు పెద్దాయనా."

తెలీదన్న మాట చాలు మావయ్యకి. బల్ల మీద కాలు మడిచి కూర్చున్నాడు.

"ఇక్కడో పద్ధతుంది. ప్రతి ఫ్యాక్టరీ వెనకా పెంకుల దిబ్బ ఉంటుంది, పగిలినవీ వంకరపోయినవీ అన్నీ అక్కడే పారబోస్తారు. ముందు గోడ ఎంత ఎత్తు కట్టుకున్నా దిబ్బకి మాత్రం ఎవడూ కంచె వెయ్యడు. పక్కవాడు పొద్దున్నే వచ్చి ఓ పెంకు ఏరి జేబులో వేసుకుంటాడు, మనం చూసీ చూడనట్టు ఊరుకుంటాం, మర్నాడు వాడి దిబ్బ మీదకి మనం వెళ్తాం. వాడు ఏ పూత కలుపుతున్నాడో, ఎక్కడ దెబ్బతింటున్నాడో ఆ పెంకు చెప్పేస్తుంది."

"అది దొంగతనం కాదా?"

"చదువంటారు దాన్ని. మనకి అర్థం కాని పెంకుని ఇన్‌స్టిట్యూట్‌కి పట్టుకెళ్తాం, మేడమ్ మిషన్లో పెట్టి చూసి చెప్తుంది. పైగా పెంకు ఎవడిదో అడగదు. ఎంత మర్యాదస్తురాలో చూడు."

అచ్చుల తాత తలూపాడు. మావయ్య మాటకి తాత తలూపడం అరుదు.

"ఓసారి సింకుల వాళ్ళకి బట్టీలోంచి తీసిన సింకు తీసినట్టే పగిలిపోతోంది. నేను వాళ్ళ దిబ్బ మీద పెంకొకటి తీసి, విరిచి, విరిగిన చోట నాలుక ఆనించాను. నాలుక అంటుకుందంటే సరిగ్గా కాలలేదన్నమాట. అంటుకుంది. ఒరేయ్ మీ బట్టీ వెనక భాగానికి వేడి చాలట్లేదురా అన్నాను. అంతే. మర్నాటి నుంచీ ఒక్క సింకు పగిలితే ఒట్టు!"

మేనకోడలికి తెలుసు, ఇది చాలావరకూ నిజమే. కాకపోతే మేడమ్, ఈయన, సింకుల వాళ్ళ మేస్త్రీ, అందరూ కలిసి చాలా తిప్పలు పడితే తేలిన సంగతి అది. ఈయన కథలో మిగతావాళ్ళు ఎప్పుడో జారిపోయారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడమ్ నన్ను పిలిచింది. మేస్త్రీ గారూ, మీరు లేకపోతే ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేసుకోవాల్సిందే, ఇద్దరం కలిసి ఏదైనా గొప్పది చేద్దాం అంది. సరే చేద్దాం అన్నాను. టైల్స్ వాళ్ళ దిబ్బలో రాతిపొడి, స్తంభాల గిన్నెల వాళ్ళ దిబ్బలో తెల్లపెంకు, మా దిబ్బలో కప్పుల ముక్కలు, అన్నీ మెత్తగా నూరి కలిపాం. వీధి వీధంతా ఆ ముద్దలో ఉందన్నమాట. దాంతో ఓ కప్పు చేసి కాల్చాం. మేడమ్ దాన్ని పగలగొట్టే మిషన్లో పెట్టి మీట నొక్కింది. కటుక్కున శబ్దం. చూస్తే ఏముంది? కప్పు చెక్కుచెదరలేదు, మిషను విరిగింది!"

"చెవిలో పువ్వు పెట్టకు పెద్దాయనా" అన్నాడు డ్రైవరు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"పువ్వా! అప్పుడే ఏం విన్నావు? కప్పు పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మేడ మీదకెక్కి కిందకి వదిలాను. అది నేలకి తగిలి, ఎగిరి, టైల్స్ వాళ్ళ గోడ దాటి, వాళ్ళ రేకుల మీద పడి, అక్కణ్ణించి ఎగిరి సింకుల వాళ్ళ కిటికీలోంచి దూరి, వాళ్ళ మేనేజరు బల్లమీద ఒక చుట్టు తిరిగి, మళ్ళీ బయటికొచ్చి ఇదిగో ఈ పిన్ని బల్ల మీదకొచ్చి నిలబడింది. బోర్లా పడిందనుకున్నావా? నిటారుగా! పిన్ని చూసుకోకుండా దాంట్లో టీ పోసేసింది. ఏం పిన్నీ, పొయ్యలేదూ?"

"పోశానేమో, ఎవరికి గుర్తు?" అంది పిన్ని రోడ్డు వైపు చూస్తూ.

మేనకోడలు కూడా అటే చూస్తోంది. రోడ్డు మీద కారు లేదు. మావయ్య సంగతి ఆమెకి తెలుసు. ఆయన గొంతు పెంచుతున్నాడంటే భయం ఎక్కువవుతోందని లెక్క.

"అసలు మహిమంతా ఆ టీలో ఉంది తమ్ముడూ. కప్పు చల్లారదు! ఆ టీ ఎవరూ తాగకుండా పక్కన పెట్టేశారు, ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది, ఇదిగో ఈ తాత వానలో తడిసొచ్చి, ఏదో ఉంది కదా అని గుక్క వేశాడు. నోరు పొక్కింది!"

"నా నోరు ఎప్పుడూ పొక్కలేదు" అన్నాడు తాత.

"అందుకేగా ఇప్పటికీ నీకు రుచులు తెలీవు! ఆ సంగతి ఊళ్ళన్నీ పాకింది. లారీలు కట్టారు. ఓ లారీ బోల్తా పడితే కప్పులన్నీ రోడ్డు మీద దొర్లాయి, వెనకొచ్చిన బండ్ల టైర్లు వరసగా పేలాయి తప్ప ఒక్క కప్పు పగిలిందా?"

"నేనైతే ఆ లోడు ఎత్తను" అన్నాడు డ్రైవరు.

"ఎత్తకు. ఇంకో విచిత్రం విను. ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుని కప్పులు విసిరేసుకుంటారా లేదా? విసిరితే పగలట్లేదు! పగలకపోతే కోపం ఎలా తీరుతుంది? విసిరి విసిరి చేతులు నొప్పెట్టి, ఇద్దరూ కూర్చుని అదే కప్పుల్లో టీ తాగి రాజీపడిపోయారు. విడాకుల కేసులు లేక లాయర్లు ఈ వీధికొచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు. మేస్త్రీ గారూ, మా పొట్ట కొట్టకండి, కాస్త పగిలేట్టు చెయ్యండి అని. నేను..."

అప్పుడొచ్చింది కారు.

మలుపు తిరిగి, దుమ్ము లేపుకుంటూ మెల్లగా టీకొట్టు ముందు నుంచి వెళ్ళింది. మేడమ్ వెనక సీట్లో ఉంది. ఎప్పుడు ఇటు వెళ్ళినా అద్దం దించి "మేస్త్రీ గారూ, బాగున్నారా" అని పలకరించే మనిషి, ఈ రోజు వీళ్ళని చూసి, చూడలేనట్టు తల తిప్పుకుంది. కారు ఫ్యాక్టరీ గేటులోకి వెళ్ళిపోయింది.

ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాత లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్న ఒక్కటే మేనకోడలి బుర్రలో తిరుగుతోంది. పూత కలపడం తప్ప ఆమెకి ఇంకో పని రాదు, పూత కలిపే చోటు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

మావయ్య గేటు వైపు ఓ క్షణం చూశాడు. మళ్ళీ డ్రైవరు వైపు తిరిగాడు.

"నేను ఒప్పుకోలేదు తమ్ముడూ." మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "లాయర్లకే కాదు, ఎవరికీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికో సెట్టు కొనుక్కున్నారు. పగిలితే కదా ఇంకోటి కొనడానికి! అమ్మమ్మ కప్పు మనవరాలికి, మనవరాలి కప్పు దాని కూతురికి. ఎవరికీ కొత్త కప్పు అవసరం లేకపోయింది. కప్పు చూసి సింకుల వాళ్ళు, టైల్స్ వాళ్ళు, అందరూ అదే ముద్ద వాడారు. వాళ్ళవీ పగల్లేదు. వాళ్ళకీ బేరాల్లేవు. ఒక్కో గేటుకీ తాళం పడింది. ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష చెయ్యడానికి పగిలిన పెంకే లేకుండా పోయింది, ఇంక అదెందుకని ఎత్తేస్తున్నారు. ఇదంతా ఎవరివల్ల? నావల్ల! ఈ వీధిలో ప్రతి బట్టీనీ ఆర్పింది నేనే తమ్ముడూ, నా పనితనమే ఆర్పింది. ప్రపంచంలో ఇంకో మేస్త్రీ ఉన్నాడేమో చూపించు, అంత మంచి కప్పు చేసి..."

"చాలు మావయ్యా!"

మేనకోడలు లేచి నిలబడింది. ఇంత గట్టిగా ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. ఆమెకే ఆశ్చర్యం వేసింది, కానీ ఆపుకోలేకపోయింది.

"నీ చేతిలో ఉన్నదేంటో చూసుకో."

మావయ్య చూసుకున్నాడు. అందరూ చూసుకున్నారు. అందరి చేతుల్లోనూ కాగితం కప్పులే.

"మన గేటుకి ఎదురుగా ఉన్న కొట్టు. ఇక్కడే మన కప్పు లేదు. కప్పు పగలకపోవడం వల్ల కాదు మావయ్యా, మన కప్పు ఎవరికీ అక్కర్లేక. బాగా చేశామనీ కాదు, చెడగొట్టామనీ కాదు. మనం ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. అంతే!"

"కడగడానికి మనిషి దొరక్క పెట్టానే తల్లీ" అంది పిన్ని, ముఖం చెల్లక. "లేకపోతే నేనెందుకు..."

"నిన్నెవరు అన్నారు పిన్నీ" అన్నాడు తాత.

మావయ్య కాగితం కప్పుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. అందులో ఇంకా సగం టీ ఉంది. మేనకోడలు అన్న మాట వెనక్కి తీసుకోగలిగితే తీసుకునేది.

"నాకు తెలీదటే?" అన్నాడు. కోతలు కోసే గొంతు కాదది. "పిన్ని ఈ కప్పులు తెచ్చిన రోజే తెలుసు. మనం సరిగ్గానే కాల్చాం. మీరు సరిగ్గానే పూత పూశారు. మేడమ్ ఇంటికి కూడా పోకుండా ఆ గొట్టం మీద పనిచేసింది. అందరం అంత చేసినా ఆరిపోతోందంటే దానికో కారణం ఉండాలి కదే? ఏ కారణమూ లేకుండా, ఎవడికీ పట్టకుండా పోయిందంటే నేనెలా తట్టుకుంటాను? నావల్లే పోయిందని చెప్పుకోనివ్వు. అలా చెప్పుకుంటే కాస్త నిద్రైనా పడుతుంది."

మేనకోడలికి ఏడుపొచ్చింది. డ్రైవరు తల వంచుకుని కాగితం కప్పు అంచు గోటితో గీకుతున్నాడు.

ఫ్యాక్టరీ గేటు చిన్న తలుపు తెరుచుకుంది. ఓనరు బయటికొచ్చాడు. రోడ్డు దాటలేదు. అక్కడే నిలబడి, "మేస్త్రీ" అని పిలిచాడు. "రా. బట్టీ వాల్వులు కట్టెయ్యాలి. ఇంకెవరి చేత చేయించను?"

మావయ్య లేచాడు. చొక్కా కిందకి లాక్కుని సరిచేసుకున్నాడు. రోడ్డు మీదకి దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి మేనకోడలి వంక చూశాడు.

"విన్నావుగా అమ్మడూ, ఆర్పేది నేనే. రేపెవరైనా అడిగితే, ఈ వీధిలో ఆఖరి బట్టీ మా మావయ్య చేతుల మీదే ఆరిందని చెప్పు. అది మాత్రం కోత కాదు."