పైకప్పు లేని ఇంటికి పన్నెండు ఫ్యాన్లు

"తాతయ్యా, ఆఫ్రికాలో అనాథ పిల్లలకి ఇల్లు కట్టడానికి వెళ్ళావు కదా, ఆ ఫ్యాన్ల సంగతి చెప్పు. ఫోను రికార్డులో పెట్టాను."

పెట్టావా? ఎర్ర చుక్క వెలుగుతోందా? సరే. అయితే ముందే చెప్తున్నా, మీ పెద్ద మామ్మకి మాత్రం వినిపించకు. వింటే ఊరుకోదు. ఆవిడ పేరు సంతోషమ్మే గానీ, సంతోషం పేరులో ఒక్కటే, తెల్సుగా నీకు. మా అన్నయ్య ప్రకాశం భార్య. నన్ను చిన్నప్పట్నుంచీ సాకింది, తిట్టింది, రెండూ సమానంగా చేసింది.

ఎక్కడ మొదలెట్టాలి... ఆఁ, జోసెఫ్. ఆ కుర్రాడు మలావీ దేశం నుంచి ఇక్కడ ఇంజినీరింగు చదవడానికొచ్చాడమ్మా. ఒక ఆదివారం మన కంకిపాడు చర్చికొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, ఫ్యాను తగుల్తుందేమోనని తల వంచుకుని నిలబడ్డాడు పాపం. మీ మామ్మ భోజనానికి పిలిచింది. గోంగూర పచ్చడి వేస్తే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా "ఇంకొంచెం ఆంటీ" అన్నాడు. అంత మర్యాదస్తుడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది, అది తర్వాత చెప్తా.

వాళ్ళమ్మ పేరు గ్రేస్. అమ్మా నాన్నా పోయిన పిల్లల్ని ఇరవైముగ్గుర్ని దగ్గర పెట్టుకుని పెంచుతోందిట. ఎక్కడ? ఒక పాత పొగాకు బేరన్లో. మన గుంటూరు వైపు ఉంటాయి చూడు, పొగాకు ఆరబెట్టే పొడుగాటి కొట్టాలు, అలాంటిదే, అద్దెకి. ఆ ఓనరేమో వానాకాలం లోపు ఖాళీ చెయ్యమన్నాడు. జోసెఫ్ అన్నం తింటూ తింటూ ఈ మాట చెప్పి, ఇహ తినలేదు. నాకూ ముద్ద దిగలేదు. మేము తాటాకు పాకలో పెరిగినోళ్ళం కదమ్మా. వానొస్తే మా అమ్మ మమ్మల్ని ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుతూనే ఉండేది, గిన్నెలు కారే చోట, మేము కారని చోట. అన్నయ్య, నేను ఒకే గోనెపట్టా కప్పుకునేవాళ్ళం. పట్టా మొత్తం వాడే లాక్కునేవాడనుకో.

అందుకని నేనేమన్నాను, "ఇల్లు నేను కడతా" అన్నాను. డెబ్భై దాటిన తాపీ మేస్త్రిని! పదిహేనో ఏట తాపీ పట్టినప్పుడు రోజుకి రెండున్నర కూలి. మేస్త్రినయ్యాక ఎనిమిదైంది. ఆ ఎనిమిదిలోనే సినిమా, సోడా, ఇంటికి పావుశేరు... ఏంటి? ఆఁ, ఇల్లు. ఇంటి సంగతే చెప్తున్నా, కంగారు పెట్టకు.

పాస్టరు గారు చర్చిలో ప్రకటన చేశారు. కోత పండక్కి పంటలు తెచ్చి వేలంపాట పెడతాం కదా, ఆ ఏడాది గుమ్మడికాయ పాట ఎంతవరకూ వెళ్ళిందంటే, పాడుకున్నాయన భార్య ఆ గుమ్మడికాయని కొయ్యనివ్వకుండా వారం రోజులు సోఫాలో కూర్చోబెట్టింది. అలా పునాదికీ గోడలకీ సరిపడా వచ్చింది. పైకప్పు సంగతేంటండీ అనడిగితే, "నువ్వు గోడలు లేపు దేవదానం, పైకప్పు దేవుడు పంపిస్తాడు" అన్నారు పాస్టరు గారు.

దేవుడు పైకప్పు పంపించేలోపు మీ పెద్ద మామ్మ ఫ్యాను పంపించింది.

మన జనం సంగతి నీకు తెలియందేముంది? ఇచ్చింది కనపడాలి, కనపడ్డదాని మీద పేరుండాలి. మన చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎవరిదో ఒకరి పేరుంటుంది. స్టీలు బిందె మీద, బల్ల మీద, గోడ గడియారం మీద కూడా ఉంటాయి. ఆ గడియారంలో అంకెల కంటే పేరే పెద్దది. మీ పెద్ద మామ్మ సీలింగు ఫ్యాను కొని, మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో "కీ.శే. ప్రకాశం మేస్త్రి జ్ఞాపకార్థం, భార్య సంతోషమ్మ, కంకిపాడు" అని రాయించి తెచ్చింది. "ఆఫ్రికా కదా, పిల్లలు ఉడికిపోతుంటారు" అంది. ఆవిడిచ్చిందని తెలిసి వీధి చివర టీచరమ్మ గారు రెండిచ్చారు. ఆవిడ రెండిస్తే రైసుమిల్లు గుమస్తా గారు మూడు. పైకప్పుకి ఎవరైనా ఇవ్వండయ్యా అంటే, "ఫ్యానిచ్చాం కదండీ" అని నవ్వేవాళ్ళు. మొత్తం పన్నెండు తేలాయి.

నేనైనా ఆలోచించాలా? అబ్బే. "పన్నెండా, భేష్" అన్నాను. జోసెఫ్ మాత్రం నెమ్మదిగా, "అంకుల్, మా ఊరు కొంచెం చల్లగా ఉంటుంది" అన్నాడు. మన బెజవాడ వాళ్ళకి చల్లగా అంటే ఏంటమ్మా? డిసెంబర్లో ఫ్యాను రెండులో పెట్టుకోవడం. "ఏం పర్లేదులే, రెండులో పెడదాం" అని వీపు తట్టాను. కరెంటు ఉందా అని నేనడగలేదు, లేదని తను చెప్పలేదు. చెప్పానుగా, మర్యాద!

ఇద్దరం చెరో ఆరు ఫ్యాన్లు పెట్టెల్లో సర్దుకున్నాం. బరువు ఎక్కువై నా బట్టలు చాలావరకు తీసేశాం. మిగిలినవి రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు, మీ మామ్మ పెట్టిన ఆవకాయ. రెక్కలేమో లుంగీల్లో చుట్టాం. అక్కడ దిగాక ఎయిర్‌పోర్టు ఆఫీసరు పెట్టె తెరిచి ఒక రెక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద రాసిందేంటి?" అన్నాడు. నేను చదివితే జోసెఫ్ వాళ్ళ భాషలో అంతా చెప్పాడు. ఆయన రెక్కని మళ్ళీ లుంగీలో చుట్టి, ఎంతో గౌరవంగా పెట్టెలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని "మీ అన్నగారు పోయినందుకు విచారంగా ఉంది" అన్నాడు. అలా ఆరు పెట్టెలకీ ఆరుసార్లు విచారించాడు... కాదు కాదు, నాలుగు పెట్టెలు. నాలుగుసార్లు.

ఇహ ఊరు చూడాలి నువ్వు! కొండ మీద ఊరు. పొద్దున్నే నోరు తెరిస్తే పొగ! పళ్ళు టకటకలాడిపోయాయి. గ్రేసమ్మ నా అవతారం చూసి లోపలికెళ్ళి తన కోటు తెచ్చి తొడిగింది, గులాబీ రంగుది, మెడ చుట్టూ బొచ్చు. మూడు నెలలు నేను ఆడవాళ్ళ కోటేసుకునే గోడలు కట్టాను. పిల్లలేమో "అగోగో, అగోగో" అంటూ నా వెనకాల తిరిగేవాళ్ళు. అగోగో అంటే తాత అని. మామ్మని కూడా అదే అంటారట, కాబట్టి కోటు వల్ల వాళ్ళకేం ఇబ్బంది రాలేదు.

కరెంటు స్తంభం నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. ఫ్యాన్లని వరసగా గోడవార పెట్టి చూశాను. సిగ్గేసింది తల్లీ. పైన కప్పు లేదు, కింద పన్నెండు ఫ్యాన్లు. నా జన్మలో అంత పనికిమాలిన సామాను ఏ సైటు మీదా దింపలేదు.

గోడలు బాగానే లేచాయి. వంటగది ఆగ్నేయంలోనే పెట్టాననుకో. చర్చి పని కదా వాస్తేంటని పాస్టరు గారు ఫోన్లో కోప్పడ్డారు. వంటగది ఎక్కడో ఒకచోట ఉండాలిగా, ఆగ్నేయంలో ఉంటే దేవుడికేం అభ్యంతరం? సరే, గోడలయ్యాయి, డబ్బులూ అయ్యాయి. వానలు ఇంకో మూడు వారాల్లో పడతాయని గ్రేసమ్మ రోజూ కొండవైపు చూసేది. బేరను ఓనరు వచ్చి పిల్లల చాపలు లెక్కపెట్టి వెళ్ళాడు. నాకు నిద్ర పట్టేది కాదు. ఇరవైముగ్గురు పిల్లలు, వాళ్ళని ఏ మూలకి జరపాలి?

అప్పుడొచ్చింది మీ పెద్ద మామ్మ ఫోను. "ఏవయ్యా దేవదానం, మీ అన్నయ్య ఫ్యాను తిరుగుతోందా? వీడియోలో చూపించు. రేపు సాయంత్రం టీచరమ్మ గారు కూడా వస్తారు మా ఇంటికి చూడ్డానికి."

కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడంటే నాకు భయం, ఇప్పటికీ. ప్రార్థన చేసుకుని మరీ అబద్ధానికి దిగాను. గోడల మీద అడ్డంగా సర్వి కర్రలాంటిది వేసి, దానికి ఫ్యాను వేలాడదీశాను. చిసోమో అని పదేళ్ళ పిల్ల, మహా చలాకీ, దాన్ని గోడెక్కించి చేతికి మొక్కజొన్న కాడ ఇచ్చాను. రెక్క దగ్గరికి రాగానే తోస్తూ ఉండమన్నాను. జోసెఫ్ కింద నుంచి ఫోను పట్టుకున్నాడు.

ఫ్యాను తిరిగింది. నెమ్మదిగా, ఊరేగింపు వెళ్ళినట్టు. మీ పెద్ద మామ్మ మురిసిపోయింది! "టీచరమ్మ గారూ, చూశారా, ఒక్కో అక్షరం ఎంత బాగా కనపడుతోందో! మన చర్చిలో ఉన్నదైతే గిర్రున తిరిగి ఆయన పేరు ఒక్కళ్ళకీ కనపడి చావదు. ఏ కంపెనీ కరెంటయ్యా అది?"

అక్కడితో పెట్టేస్తే బతికిపోయేవాణ్ణి. ఎక్కణ్ణుంచొచ్చిందో ఒక కాకి, మెడ దగ్గర తెల్లగా ఉంటుంది ఆ దేశపు కాకి, వచ్చి రెక్క మీద వాలింది. దిగదే! రెండు చుట్లు తిరిగింది హాయిగా. చిసోమోకి నవ్వాగక కాడ జారి నా నెత్తిన పడింది. ఫ్యాను ఆగిపోయింది.

"ఏవయ్యా, ఇంట్లోకి కాకెలా వచ్చింది?"

"కిటికీలోంచి వదినా."

"మరి ఫ్యాను పైన మబ్బేంటి?"

ఇహ నా వల్ల కాలేదు. "పైకప్పు లేదు వదినా" అన్నాను. కరెంటు లేదన్నాను, చలన్నాను, వానలొస్తున్నాయన్నాను. మీరందరూ పేర్లు రాయించి ప్రేమగా ఇచ్చారు, వద్దని ఎలా చెప్పనూ అన్నాను. ఆవిడ తిడుతుందని, జోసెఫ్ చేతిలోంచి ఫోను తీసుకుని చెవికి దూరంగా పెట్టుకున్నా. వీడియోలో చెవేంటి అంటావా? కంగారమ్మా. ఆవిడ తిట్టలేదు. "ఆ పిల్లల్ని ఒకసారి చూపించు" అంది. జోసెఫ్ ఫోను తీసుకుని తిప్పాడు. పిల్లలు వరసగా నిలబడి చేతులూపారు. ఆవిడ ఒక్కొక్కళ్ళనే లెక్కపెట్టి, ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం చర్చిలో ఏం జరిగిందో పాస్టరు గారు తర్వాత చెప్పారు. ప్రసంగం అవకముందే ఈవిడ లేచి నిలబడిందిట. "పైకప్పు లేని కొంపకి ఫ్యాన్లిచ్చాం. బుద్ధి లేక నేనే మొదలెట్టాను, నన్ను చూసి మీరిచ్చారు. ఇప్పుడు ఇంటికో రేకు ఇవ్వండి, దాని మీద పేరు రాయిస్తాను" అందిట. గుమస్తా గారు, "రేకు మీద రాస్తే ఎవరికి కనపడుతుందండీ?" అన్నారు. "పైన రాస్తే దేవుడికి కనపడుతుంది, కింద రాస్తే పిల్లలకి కనపడుతుంది. ఎటు రాయమంటారో చెప్పండి" అందిట. నమ్ముతావా, ఒక్కళ్ళు కూడా పైన రాయమనలేదు!

ఆ డబ్బులు పంపిస్తే రేకులన్నీ అక్కడే కొన్నాం. పేర్లు రాసే పని నాది. నేల మీద పరిచి, బ్రష్షు పట్టుకుని, గులాబీ కోటేసుకుని రాశాను. అన్నయ్య పేరు మాత్రం రెండుసార్లు తుడిచి మళ్ళీ రాశానమ్మా. తాపీ పట్టడం నేర్పింది వాడే. నెత్తి మీద మొట్టి మరీ నేర్పాడు. చాలా ఏడ్చాను, అబద్ధమెందుకు. తీరా అక్కడి వడ్రంగులకి తెలుగు రాదుగా, సగం పేర్లు తలకిందులుగా బిగించారు. టీచరమ్మ గారి ఇంటిపేరు రైసుమిల్లు గుమస్తా గారి రేకు చాటుకి పోయింది. ఆవిడకి చెప్పకు.

ఆఁ, మిగతా ఫ్యాన్లు? కొండ దిగితే పెద్ద సరస్సుంది, అక్కడ మనలాగే ఉక్క. ఆ ఒడ్డున ఆసుపత్రి వాళ్ళు పదకొండు ఫ్యాన్లూ తీసుకుని మనకి దుప్పట్లు ఇచ్చారు. ఇప్పుడక్కడ చేపలు పట్టేవాళ్ళు జ్వరమొచ్చి పడుకుని మన కంకిపాడు వాళ్ళ పేర్లు చూస్తుంటారు. అన్నయ్య ఫ్యాను మాత్రం పిల్లలు ఇవ్వనివ్వలేదు. వాళ్ళకది ఆటవస్తువు.

ఆఖరి రేకు బిగించిన నాలుగో రోజున మధ్యాహ్నం వాన దిగింది. ఏం వానమ్మా అది! రేకుల మీద ఆ చప్పుడుకి పక్కనున్నవాడి మాట వినపడదు. పిల్లలందరూ లోపలికి పరిగెత్తుకొచ్చి తలలెత్తి పైకే చూస్తున్నారు, ఎక్కడ కారుతుందా అని. నేనూ చూస్తున్నా. ఒక్క చుక్క... ఒక్క చుక్క పళ్ళేదు తల్లీ.

వెంటనే వదినకి ఫోను చేశా. వాన, వదినా, వాన అని అరిచా. నా మాట ఆవిడకేం వినపడలేదేమో. ఆ చప్పుడే వింటూ ఉంది. నేనేమో అన్నయ్య పేరు తిన్నగా ఉందా తలకిందులుగా ఉందా అని అడుగుతుందని ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటున్నా.

"పిల్లలు తడవట్లేదు కదా?" అంది.

"ఒక్కళ్ళూ తడవట్లేదు వదినా."

"అయితే సరే" అంది. పప్పు మాడుతోందని పెట్టేసింది. అప్పుడిక్కడ సాయంత్రం నాలుగైంది, ఆ టైములో పప్పేంటో నాకైతే...

ఏం లేదమ్మా, కంట్లో నలక. నువ్వు చల్లగా ఉండాలి నాన్నా. ఎక్కడున్నా నీ నెత్తిన ఓ కప్పుండాలి, దాని కింద ఇంకో నలుగురికి చోటుండాలి. దేవుడు నీకు అంత ఇల్లు ఇవ్వాలి. ఇహ ఆ చుక్క ఆపెయ్యి, మీ మామ్మ కాఫీ కలిపినట్టుంది...