తొట్టి మూత ఎవరు తీసినారు?

“జబ్బు చేపలు గాకపోతే నా ఇంటికొచ్చినాకనే ఎందుకు నోర్లు తెరుస్తాయప్పా?”

నందికొట్కూరులో గిడ్డయ్య రంగుచేపల అంగడి అది. సోమవారం పొద్దున్నే రిటైర్డు టీచరు దావీదురాజు నీళ్లసీసా ఒకటి చేతబట్టుకుని వచ్చాడు; వచ్చింది మొదలు నిప్పులు కక్కుతూనే ఉన్నాడు.

“ముందు కూచోండి సార్. శనివారం మీ కండ్ల ముందరే గదా పట్టిచ్చింటి? నాలుగూ ఎట్ల ఎగురుతాండె!”

“ఈడ ఎగిరినాయి. ఆడ మూలకు నక్కినాయి. మేత ఏస్తే చూడల్యా. నిన్న పొద్దున గూడ అట్లనే, అడుగున పండుకోని రెక్క ఆడించల్యా.”

“అది జబ్బు గాదు సార్, బెదురు. కొత్త నీళ్లు, కొత్త తావు. రెండు మూడు దినాలు నక్కుతాయి, మళ్ల వాటంతట అవే బయటికొస్తాయి. చెప్పినా గదా?”

“చెప్పినావు, చెప్పినావు! మరి చర్చి నుంచి నేనొచ్చేసరికి నాలుగూ పైకొచ్చి నోర్లు తెరిచి గాలి మింగుతాండాయి. అదీ బెదురేనా?”

“పైకొచ్చినాయా? అది బెదురు గాదే... నీళ్లలో ఏం పోసినారు?”

“నన్నంటాండావా?”

“అడుగుతాండా సార్, అంతే.”

“ఏమీ పోయల్యా! ముప్పై ఏండ్లు పిల్లోల్లకు సైన్సు చెప్పినోన్ని నేను. నువ్వే చచ్చేటివి అంటగట్టినావు. మా ఇంటామె ప్రసన్నకుమారి సంగతి తెలిసి గూడ.”

“అమ్మకు ఎట్లుండాది సార్?”

“ఎట్లుంటాది? పక్షవాతమొచ్చి నాలుగు నెల్లాయ. మాట రాదు. కాలు పనిచేస్తాది, లేసి నిలబడమ్మా అంటాడు డాక్టరు. ఆమె మంచం దిగనే దిగదు, గోడతట్టు తిరిగి పండుకుంటాది. ఈ చేపలొచ్చినాకనే ఇటు తిరిగినాది గిడ్డయ్యా! కన్నార్పకుండా వాటినే చూస్తాది. అవి ఆమె ముందర చచ్చినాయంటే మళ్ల గోడతట్టే తిరుగుతాది. నాకదే భయం.”

“ఆ సీసా ఇట్ల చూపియ్యండి. తొట్టి నీళ్లేనా?”

“పైపైన ముంచుకొచ్చినా.”

“ఎండకు పెట్టి చూడండి. పైన రంగులు మెరుస్తాండాయా?”

“నూనెనా?”

“నూనే. పైన పొర కడితే నీళ్లకు గాలి అందదు, అందుకే నోర్లు తెరిచేది. వాసన చూడండి.”

“ఇది... ఇది పాస్టరయ్య ప్రార్థన చేసిచ్చిన నూనెప్పా! దినామూ ఆమె నొసట రాసేది!”

“మరి ఏమీ పోయల్యా అంటిరి?”

“నేను పోయల్యా, దేవునికి తెలుసు! ఆ నూనె బుడ్డి తొట్టి పక్కన గూట్లో ఉంటాది. మా పనిమనిషి గురమ్మ పోసింటాది. నేనొచ్చేసరికి తొట్టి మూత గూడ తీసే ఉండె, ఆమే ఏసేది మర్చిపోయింటాది.”

“ఆమెకేం పని సార్ చేపలతో?”

“జబ్బుపడినోల్లకు ఆ నూనె రాస్తే నయమైతాదని శానా నమ్మకం ఆమెకు. నక్కినాయని చూసి పోసింటాది.”

“ఎప్పుడు?”

“నిన్న... ఉండు. నిన్న ఆదివారం. ఆదివారం గురమ్మ పనికి రాదు. చర్చిలో నా ముందర వరసలోనే కూచోనుండె.”

“మీరు పోయేటప్పుడు మూత ఏసే ఉండెనా?”

“నేనే ఏసినా. తలుపుకు తాళం గూడ ఏసి పోయినా.”

“ఇంకో తాళంచెవి ఎవరి కాడన్నా...”

“లేదు. ఒకటే. నా జోబులో.”

“కిటికీలో నుంచి పక్కింటోల్లు?”

“ఇనప కమ్మీలు. పిల్లి గూడ దూరదు.”

“మరి లోపల ఎవరున్నారు సార్?”

“ఎవరూ లేరప్పా. ఆమె తప్ప ఇంకెవరు...”

“సార్? ఏమైనాది సార్?”

“పోయే ముందర ఆమెతో అంటి. చేపలకు బాగలేదు ప్రసన్నా, వాటికీ ప్రార్థన చెయ్యి అంటి.”

“మంచానికీ తొట్టికీ ఎంత దూరం?”

“ఎనిమిది అడుగులు.”

“సార్, నీళ్లమీద పేపరు పరిచి ఎత్తితే పొర వచ్చేస్తాది. సగం నీళ్లు మార్చి...”

“చేపల సంగతి మళ్ల చూస్తాం, బండి తియ్యి గిడ్డయ్యా! మా ప్రసన్న నడిచినాది!”